గోల తగ్గింపు

లాగ్ శుభ్రంగా ఉందట. శుభ్రంగా ఉండక ఏం చేస్తుంది, రాయనివ్వకపోతే. పలక చేతికిచ్చి బలపం లాక్కుని, పిల్ల ఏమీ రాయలేదని సున్నా వేసినట్టుంది మా మేనేజరు నరేంద్రబాబు గారి వ్యవహారం. పదకొండింటికి ఫోనులో మీటింగు, ఇంకో గంట ఉంది. మైపాడు దాటి కాలువ గట్టున ఉన్న ఈ మోటారు షెడ్డులో, రొయ్యల మేత బస్తాల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, ఆయన చెన్నైలో ఏసీ కింద కూర్చుని రాసి పంపిన రిపోర్టు కింద నా పేరు పెట్టాలి, అదీ ఈ గంటలో నా పని. 'పరికరంలో ఎటువంటి లోపమూ నమోదు కాలేదు. కాపలాదారుడు నిద్రపోవడం వల్ల నష్టం జరిగి ఉండవచ్చు.' ఉండవచ్చు. ఎంత మర్యాదస్తుడో చూడండి, మనిషి పరువు తీసేటప్పుడు కూడా ఉండవచ్చు అంటాడు. బయట గుంట బోసిగా ఉంది. ఒక్క రాత్రిలో చచ్చిన రొయ్యనంతా తీసి పూడ్చేశారు గాని వాసన పోలేదు, సరుగుడు తోట వైపు నుంచి గాలి వచ్చినప్పుడు కాస్త తగ్గినట్టే ఉండి మళ్లీ ముక్కుకు తగులుతోంది. కొంగలకు మాత్రం పండగ. గట్టు మీద మా కంపెనీ పెట్టె, తెల్లది, దాని మీద నీలం అక్షరాలతో 'మీరు నిద్రపోండి, మేము మేలుకుంటాం' అని రాసి ఉంది. నేను కల్పించి చెప్పడం లేదు, నిజంగా అదే రాసి ఉంది. ఆ పక్కనే పచ్చ లైటు. గుంటలో రొయ్య లేదు, నీళ్లు సగం తోడేశారు, లైటు మాత్రం ఇప్పటికీ పచ్చగా వెలుగుతోంది, అంతా బాగుందని.

ఆ పెట్టెలో ఉండే ప్రోగ్రాం రాసే వాళ్లలో నేనొకదాన్ని. నీళ్లలో ఆక్సిజన్ ఎంత ఉందో పెట్టె కొలుస్తుంది, తగ్గితే ఏరియేటర్లు తిప్పుతుంది, అవి నీళ్లను చిలికితే రొయ్యకు ఊపిరి ఆడుతుంది, అంతే దాని పని. ఆ పని చేస్తూ చేస్తూ తను ఏం చేస్తున్నదీ ఒక్కో వరుసగా రాసుకుంటూ పోతుంది, దాన్నే లాగ్ అంటాం. ప్రతి వరుసకూ ముందు ఒక మాట తగిలించాలి. ఎర్రర్, వార్నింగ్, ఇన్ఫో, డీబగ్. ఏ వరుసకు ఏది తగిలించాలన్నది రాసేవాళ్ల ఇష్టం, అక్కడే ఉంది కథంతా. పుస్తకాల్లో ఏవేవో నిర్వచనాలున్నాయి, నాకు అవేవీ గుర్తుండవు, నాకున్న లెక్క ఒకటే, ఈ మాట కోసం ఎవరి నిద్ర చెడాలి? ఇప్పుడే లేచి పరిగెత్తాలంటే ఎర్రర్. తెల్లారాక అయినా చూసుకోవాలంటే వార్నింగ్. ఎవరూ లేవక్కర్లేదు, రాసి పెట్టుకుంటే చాలంటే ఇన్ఫో. ఇక డీబగ్ అంటే మాలో మేం గొణుక్కోవడం, రాసేవాళ్లకు తప్ప ఎవరికీ అక్కర్లేనిది. పెట్టెలు గుంటలకు పంపేటప్పుడు డీబగ్ వరుసలన్నీ తీసేసి పంపుతాం. అంటే ఆ వరుస పెట్టెలో మూగగా కూర్చుని ఉండదు, అసలు పెట్టెలోకి ఎక్కనే ఎక్కదు. ఇది నరేంద్రబాబు గారికి తెలియక కాదు. నేను చేరిన మొదటి వారంలో నాకీ సంగతి నేర్పింది ఆయనే.

మా అమ్మ గురవమ్మకు ఈ చదువు ఎవరూ చెప్పలేదు, ఆమె గొంతులోనే అన్నీ ఉండేవి. చేపలు అమ్మే గొంతు ఒకటి, నెల్లూరు వీధుల్లో మూడో మేడ దాకా వినబడేది. మమ్మల్ని తిట్టే గొంతు ఒకటి, దానికి మేం పెద్దగా లేచేవాళ్లం కాదు. తనలో తను ఏదో అనుకుంటూ గంప సర్దుకునే గొంతు ఒకటి, ఏందమ్మా అంటే ఏం లేదులేమ్మే అనేది. ఇంకోటి ఉండేది. ఒడ్డుకొచ్చే పడవ అల దగ్గర అడ్డం తిరిగితే ఆ గొంతు బయటికొచ్చేది, అది విని ఏమైందని అడిగిన వాళ్లు లేరు, తింటున్న చేత్తోనే వీధి వీధంతా రేవుకు పరిగెత్తేది. అంత గొంతున్న మనిషి ఒకసారి నెల్లూరు బస్సులో వెనక తలుపు గొళ్లెం ఊగుతోందని, దాని పక్కన చంటిపిల్లనేసుకుని ఎవరో పడుచు కూర్చుని ఉందని అరిస్తే, కండక్టరు ముందు నుంచే, ఏమ్మే చేపలామె, గోల తగ్గించు, అన్నాడు. బస్సంతా నవ్వింది. నేను స్కూలు యూనిఫాంలో ఉన్నాను, తల వంచుకున్నాను. ఇందుకూరుపేట మలుపులో తలుపు తెరుచుకుంది, అమ్మ గంప రోడ్డు మీద పడింది, పిల్ల మాత్రం పడలేదు, ఎందుకంటే అరిచినంతసేపూ మా అమ్మ ఆ పిల్ల గౌను పట్టుకునే ఉంది. అప్పుడు ఆ కండక్టరు దిగొచ్చి ఏమన్నాడో తెలుసా, అంత తెలిసినదానివి ముందే గట్టిగా చెప్పొచ్చు గదమ్మా అన్నాడు. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఒళ్లు మండించుకుని ఏం లాభం, మళ్లీ అదే బస్సెక్కాను. ఆక్సిజన్ కొలవడానికి నీళ్లలో ముంచి ఉంచే ప్రోబు మీద పాచి పేరుకుంటే కొలత కదలదు. నీళ్లలో ఆక్సిజన్ పగలొక రకంగా, రాత్రొక రకంగా ఉంటుంది, అది ఒకే అంకె మీద నిలబడిందంటే నీళ్లు బాగున్నాయని కాదు, ప్రోబు చచ్చిందని. కాబట్టి నేనొక వరుస రాశాను, 'కొలత కదలడం లేదు, ప్రోబు చూడండి' అని, దానికి వార్నింగ్ తగిలించాను. అది రాగానే పచ్చ లైటు ఆరి పసుపు వెలుగుతుంది, గుంట యజమాని ఫోనుకు మెసేజి పోతుంది. అంతవరకు బాగానే ఉంది. మెసేజి తెలుగులో పోవాలన్నారు, మంచిదే. వార్నింగ్ అన్నదానికి తెలుగులో ఏం పెట్టాలని మీటింగు పెట్టారు. హెచ్చరిక అంటే బెదిరించినట్టుంటుందని ఒకరన్నారు. నేను 'చూసుకోండి' అని పెడదామన్నాను. మా వైపు ఎవరైనా ఎవరికైనా చెప్పేది అదే కదా, గాలి మారింది చూసుకోండి, ఆ ఇంట్లో కుక్క ఉంది చూసుకోండి. అందరూ నవ్వారు. సాఫ్ట్‌వేరులో 'చూసుకోండి' ఏమిటి సుభాషిణీ, హుందాగా ఉండాలి అన్నారు నరేంద్రబాబు గారు, అని హుందాగా ఆయనే ఒక మాట పెట్టారు. నోటీసు.

నోటీసు. ఈ జిల్లాలో పుట్టి, ఇక్కడి నీళ్లు తాగి, నోటీసు అన్న మాట వింటే రైతు గుండె ఏమవుతుందో తెలియని మనిషి ఉంటాడా? నోటీసు వచ్చిందంటే కోర్టు నుంచి రావాలి, లేదంటే బ్యాంకు నుంచి రావాలి, మంచికొచ్చిన నోటీసు ఎవరూ చూడలేదు. ఈ గుంట యజమాని చంద్రమౌళి గారిది బుచ్చిరెడ్డిపాలెం, అక్కడ వరి పొలం గట్టు దగ్గర దాయాదులతో తగాదా ఉంది. మా మెసేజి 'నోటీసు' అని మొదలవగానే మిగతాది చదవకుండానే ఫోను పట్టుకుని కార్లో నెల్లూరు లాయరు దగ్గరికి పోయారట. లాయరు చదివి, ఇది మీ దాయాదులు పంపింది కాదు, మీ రొయ్యలు పంపినాయి అని నవ్వాడట. ఆ నవ్వు కోపం మా మీద తీర్చుకున్నారు. నాకే నోటీసు ఇస్తారా మీరు, నేనేం తప్పు జేసినానని ఇస్తారు అని ఆఫీసుకు ఫోను చేసి ఎడాపెడా తిట్టారు. ఆయన ఒక్కరే కాదు, అల్లూరు నుంచీ సూళ్లూరుపేట వైపు నుంచీ కూడా ఫోన్లు వచ్చాయి. ఇప్పుడు ఏం చేయాలి? ఆ ఒక్క మాట మార్చాలి. చిటికెలో పని. కానీ మాట మారిస్తే మాట పెట్టినవాళ్లు తప్పు ఒప్పుకున్నట్టవుతుంది కదా. అందుకని మాటను అలాగే ఉంచి, ఆ మాట తగిలించుకుని వెళ్లే వరుసలన్నిటినీ డీబగ్‌లోకి దించేశారు.

నేను ఊరుకోలేదు. ఇది దించితే ప్రోబు చచ్చినా పచ్చ లైటే ఉంటుంది సార్ అని మీటింగులో చెప్పాను. అమ్మా సుభాషిణీ, మాదీ నెల్లూరే, గుంటల సంగతి నాకూ తెలుసు, ప్రతిదానికీ అరవడానికి ఇది మీ మైపాడు రేవు కాదు అన్నారు. ఈసారీ అందరూ నవ్వారు, ఈసారి మాత్రం నేను తల వంచలేదు, మెయిలు పెట్టాను. జవాబుగా ఒక బొటనవేలు బొమ్మ వచ్చింది. కోడు మార్చిన ప్రతిసారీ ఎందుకు మార్చామో ఒక ముక్క రాయడం మా దగ్గర అలవాటు, ఆయన రాసిన ముక్క ఇప్పుడు నా ఎదురుగా తెర మీదే ఉంది. 'గోల తగ్గింపు.' కండక్టరు ఎక్కడెక్కడ పుడుతుంటాడో చూడండి. ఒకడు చెక్క టిక్కెట్ల పెట్టె పట్టుకుని పుడతాడు, ఒకడు ల్యాప్‌టాప్ పట్టుకుని పుడతాడు.

"తల్లీ, టీ" అంటూ చెంగయ్య మామ వచ్చాడు. ఈ గుంటకు కాపలా ఈయనే. మా వీధి మనిషి, వరసకు మామ అవుతాడు, అందుకే నేనేం మాట్లాడినా మీవాళ్లని వెనకేసుకొస్తున్నావంటారని నాకు తెలుసు. రిపోర్టు రానీ, నీ సంగతి అప్పుడు జూస్తానని చంద్రమౌళి గారు ఈయనకు చెప్పి ఉంచారు. పని పోవడం ఒక ఎత్తు. పక్క గుంటల వాళ్లు అప్పుడే కునుకు చెంగయ్య అనడం మొదలుపెట్టారు, ఈ తీరంలో నిద్రపోయాడన్న పేరు పడ్డ మనిషికి ఎవరూ గుంట అప్పజెప్పరు. గ్లాసు నాకిచ్చి ఆయన వెళ్లలేదు. గోడకు చేరగిలబడి కాసేపు నిలబడ్డాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, రెప్పలు వాచి ఉన్నాయి.

"ఏమన్నా దొరికిందా తల్లీ?"

"ఎతుకుతా ఉండా మామా."

"నేనొకటి అడగాల నిన్ను. మిషను అబద్ధం జెప్పదు గదా. నేను మేలుకోనే ఉండాననుకుంటి. గట్టు చుట్టూ తిరగతానే ఉండా. లైటు జూస్తే పచ్చగానే ఉండె. రొయ్య తేలింది జూసి సీలు పీకి స్విచ్చి ఏసినా. మరి అయ్యగారు, మీ సారు, అందురూ నిద్రపోయినావంటా ఉండారు. కూసున్నోణ్ణి కూసున్నట్టే కునుకేసినానేమో. నిద్రపోయినోడికి నిద్రపోయినట్టు తెలవదు గదా తల్లీ. ఆ పొద్దు నుంచి కన్ను మూతబళ్లా. మూస్తే ఎవురన్నా జూస్తారేమోనని."

టీ కాలుతున్నా తాగేశాను. ఆయన బయటికి వెళ్లి గట్టు మీద నిలబడ్డాడు, ఎండలో, ఎవరో చూస్తున్నట్టు నిటారుగా. దుర్మార్గమంటే ఇదీ. పని తీసేస్తే ఇంకో పని వెతుక్కుంటాడు మనిషి. మేలుకుని ఉన్నవాణ్ణి పట్టుకుని, నువ్వు నిద్రపోయావని అందరూ ఒక్క గొంతుతో చెప్పి, చివరకు వాడి చేతే ఏమో, నిద్రపోయానేమో అనిపించారు చూడండి, దానికి ఏ శిక్ష సరిపోతుంది? పెట్టెకు పాచి పట్టింది, అది గుడ్డిదై కూర్చుంది, అది గుడ్డిదైన సంగతి చెప్పే నోరు మేమే నొక్కాం, నొక్కి, ఇక అనుమానం రాకుండా పచ్చ దీపం పెట్టాం. ఏరియేటర్ల స్విచ్చి మీద చెయ్యి పెట్టొద్దని సీలు వేసింది కూడా మేమే. కళ్లున్న మనిషిని పక్కన నిలబెట్టి నీ కళ్లతో పని లేదు, మా దీపం చూడు అని చెప్పాం, ఆయన మా మాట విన్నాడు, అదీ ఆయన చేసిన తప్పు. మీరు నిద్రపోండి, మేము మేలుకుంటాం అని మేమే రాసుకున్నాం, పోనీ నిజంగా నిద్రపోయాడే అనుకుందాం, రాసినదాని ప్రకారం అది ఆయన హక్కు కాదా. బస్సులో అమ్మ ఆ పిల్ల గౌను పట్టుకునే ఉంది. కండక్టరు ముందే చెప్పొచ్చు గదా అన్నాడు. అమ్మ ఏమీ అనలేదు, రోడ్డు మీద పడ్డ చేపలు ఏరుకుంది, ఏరుకుని మళ్లీ అదే బస్సెక్కింది. నేను ఎక్కను.

లాగ్ మళ్లీ తెరిచాను. ఇంతవరకు అందరూ ఏం చేశారంటే ఎర్రర్ అన్న మాట పెట్టి వెతికారు, ఒక్కటీ దొరక్కపోయేసరికి శుభ్రం అన్నారు. ఎవరైనా మొదటి నుంచి చదివారా? ఎవరికి తీరిక? నేను ఆ రాత్రిని పైనుంచి కిందికి చదవడం మొదలుపెట్టాను. అంతా ఇన్ఫో. ఎవరి నిద్రా చెడక్కర్లేని మాటలు. కొలత అదే అంకె, మళ్లీ అదే అంకె, మళ్లీ అదే. మధ్యలో 'పెట్టె మూత తెరిచారు.' కొంచెం కిందికి 'పెట్టె మూత మూశారు.' అంకె, అదే అంకె. 'పెట్టె మూత తెరిచారు.' నా చెయ్యి ఆగిపోయింది. పెట్టె లోపల చిన్న తెర ఉంటుంది, కొలత చూడాలంటే మూత తీయాలి. దొంగలెవరైనా మూత తీస్తారేమోనని ఎప్పుడో ఎవరో పెట్టిన వరుస అది, దాన్నెవరూ పట్టించుకోలేదు కాబట్టి దించేయడం కూడా మరిచిపోయారు. తెరిచారు, మూశారు. పొద్దుగూకింది మొదలు రాత్రి పొడుగునా, గట్టు చుట్టూ ఒక చుట్టు తిరిగి రావడానికి ఎంతసేపు పడుతుందో అంతంత ఎడంతో, తెరిచారు, మూశారు. ఆ వరుసలు చదువుతుంటే ఆయన టార్చిలైటు గట్టు వెంట నడుస్తున్నట్టే ఉంది నాకు. ఆఖరున ఇంకా చీకటి ఉండగానే, 'స్విచ్ చేత్తో వేశారు.' చంద్రమౌళి గారికి మామ ఫోను చేసింది ఆ తర్వాతే. చదువుతూ ఏడ్చాను, కోపంతోనే ఏడ్చాను.

కళ్లు తుడుచుకుని ముందు ఆ ఒక్క మాట మార్చాను. డీబగ్ తీసేశాను. వార్నింగ్ పెట్టబోయి ఆగాను. ఎవరి నిద్ర చెడాలి? అందరిదీ చెడాలి, ముందు ఆఫీసువాళ్లది చెడాలి. ఎర్రర్ అని పెట్టాను. తెలుగు మెసేజిల్లో నోటీసు కొట్టేసి 'చూసుకోండి' అని రాశాను. ఎందుకు మార్చానో రాయాల్సిన చోట 'గోల పెంచాను' అని రాసి పంపేశాను. రిపోర్టులో నరేంద్రబాబు గారి వాక్యాలు రెండూ తుడిచేసి, ఆ రాత్రి వరుసలన్నీ ఉన్నవున్నట్టు అంటించి, దాని కింద నా పేరు పెట్టాను. అప్పటికి ఫోను మోగుతోంది. చెంగయ్య మామను లోపలికి పిలిచి మేత బస్తా మీద కూర్చోబెట్టి, స్పీకరు నొక్కి ఫోను మా ఇద్దరి మధ్యా పెట్టాను.

"సుభాషిణీ, చంద్రమౌళి గారు కూడా లైన్లో ఉండారు. లాగ్ క్లీన్ గదా, రెండు ముక్కల్లో జెప్పేయ్" అన్నారు నరేంద్రబాబు గారు.

"ప్రోబుకు పాచి పట్టింది సార్. రాత్రంతా కొలత ఒకే అంకె మీద ఉండాది. అది చెప్పాల్సిన వార్నింగు మీరు డీబగ్ చేసినారు, అందుకని పెట్టెలోకి ఎక్కలా. లైటు పచ్చగానే ఉండాది, ఏరియేటర్లు తిరగలా."

"ఇవన్నీ మనం మనం తర్వాత మాట్లాడుకుందాం."

"తర్వాత కాదు సార్, ఇప్పుడే."

"ఆగండయ్యా" అన్నారు చంద్రమౌళి గారు. "ఏ వార్నింగు? నాకేం రాలేదే."

"మొదట్లో వచ్చేది సార్. నోటీసు అని."

నేను లాగ్ చదవడం మొదలుపెట్టాను, మా అమ్మ రేవు గొంతుతో కాదు, మామూలుగా, పెట్టె మూత తెరిచారు, పెట్టె మూత మూశారు, అని ఒక్కటీ వదలకుండా. సగంలో నరేంద్రబాబు గారు చాలు అన్నారు. చాలదు సార్ అని, చీకట్లో స్విచ్చి వేసిన వరుస దాకా చదివాను. చెంగయ్య మామ ముందుకు వంగి, చెవి ఫోనుకు కాదు, నాకు పెట్టి వింటున్నాడు.

"ఆ మూత దీసింది నేనే గదా తల్లీ."

"నువ్వే మామా."

"అయితే నేను మేలుకోనే ఉండానా?"

"ఉండావు మామా. రాత్రంతా మేలుకోనే ఉండావు."

ఆయన తల ఊపాడు. తువ్వాలుతో మొహం తుడుచుకుని వెనక బస్తాలకు ఆనుకున్నాడు. అవతల గొడవ మొదలైంది. నోటీసని పంపమని మీకు ఎవురు జెప్పినారని చంద్రమౌళి గారు, మీరు ఫోన్ జేసి తిడితేనే గదా తీసేసిందని నరేంద్రబాబు గారు, నన్నడక్కుండా కోడు ఎవరు మార్చమన్నారని మళ్లీ ఆయనే, ఈ అమ్మాయి ఆ కాపలావాడికి చుట్టమని ఇంకెవరో. జవాబు చెప్పడానికి నోరు తెరిచి పక్కకు చూశాను. చెంగయ్య మామ తల ఒక పక్కకు వాలిపోయింది, నోరు కొంచెం తెరుచుకుంది, చేతిలో తువ్వాలు జారి కింద పడింది. సన్నగా గురక పెడుతున్నాడు. ఎవరైనా చూస్తారన్న భయం ఆ మొహంలో లేదు.

నేను చెయ్యి చాచి, ఆయనకు నిద్ర చెడకుండా, ఫోనులో గోల తగ్గించాను.